వ్యక్తిగత కంప్యూటర్లపై హైపర్‌మీడియాతో కలిసి పనిచేసే తర్క ప్రోగ్రామింగ్ సాధనాల ఎంపిక: ఉప్పల్–నాచారం పరిసరాల సాగునీటి సలహా ఉదాహరణగా

సారాంశం

వ్యవసాయ సలహా వ్యవస్థలలో నియమాలను తర్క ప్రోగ్రామింగ్ భాషలోనూ, చిత్రాలు, పాఠ్యం, లంకెలను హైపర్‌మీడియాలోనూ నిర్మించి రెండింటినీ జతపరచే పద్ధతి సుమారు నాలుగు దశాబ్దాలుగా వాడుకలో ఉంది. ఈ జతకు సాధనాన్ని ఎంచుకొనేటప్పుడు వేగం, ధర, ప్రసిద్ధి అనే అంశాలపైనే దృష్టి నిలపడం పరిపాటి. తూర్పు హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం పరిసరాలలో మూసీ నీటితో సాగయ్యే మడులను ఉదాహరణగా తీసుకొని, ఎంపికకు అయిదు ప్రమాణాలను ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. అవి: తెలియని విషయం పట్ల సాధనం ప్రవర్తన, వివరణ ఇచ్చే శక్తి, రెండు భాగాల నడుమ అతుకు, తెలుగు లిపి నిర్వహణ, నియమాల మన్నిక. వీటిలో మొదటిది అత్యంత కీలకమైనది. పరీక్ష చేయని నీటిని పరిశుభ్రమైన నీరుగా లెక్కించే వ్యవస్థ ఎంత ఆకర్షణీయంగా ఉన్నా రైతుకు, వినియోగదారునికి హాని చేయగలదు.

ముఖ్య పదాలు: తర్క ప్రోగ్రామింగ్, ప్రోలాగ్, హైపర్‌మీడియా, నిపుణ వ్యవస్థ, వ్యర్థజల సాగు, మూసీ

1. ఉపోద్ఘాతం

కంప్యూటర్ నిర్మాణానికి తూర్పు హైదరాబాద్ కొత్త ప్రాంతం కాదు. నాచారానికి సమీపాన కుషాయిగూడలో 1967లో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ దేశీయ పరిజ్ఞానంతో టి.డి.సి.–12 కంప్యూటర్‌ను రూపొందించింది. ఉప్పల్ రహదారిపై జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం ఉన్నాయి. ఇదే ప్రాంతానికి మరొక ముఖం మూసీ ఒడ్డు. నగరం వదలిన నీటితో అక్కడ పారాగడ్డి, ఆకుకూరలు, దిగువన వరి చాలా కాలంగా సాగవుతున్నాయి. పాడి పశువులకు పచ్చగడ్డి, నగరవాసులకు ఆకుకూర ఆ నీటి నుంచే లభిస్తున్నాయి.

ఈ మడుల రైతు అడిగే ప్రశ్నలు సూటిగా ఉంటాయి. ఈ నీటికి కొత్తిమీర వేయవచ్చునా? పాలకూర ఆకు అంచులు ఎండడానికి ఉప్పు కారణమా? గడ్డి మాత్రమే వేసుకోవడం మేలా? సమాధానం మాత్రం సూటిగా ఉండదు. పంట ఏది, దానిని వండి తింటారా పచ్చిగా తింటారా, నీరు శుద్ధి కేంద్రానికి ఎగువదా దిగువదా, లవణత ఎంత, సూక్ష్మజీవుల సంఖ్య ఎంత అనే అంశాలన్నీ కలిపి చూడవలసి ఉంటుంది. ఇటువంటి షరతుల అల్లికను నియమాలుగా రాయడానికి తర్క ప్రోగ్రామింగ్ అనుకూలం. ఆకు ఫొటోను, నీటి నమూనా సేకరించే విధానాన్ని, పరీక్షా ఫలితం చదివే తీరును చూపడానికి హైపర్‌మీడియా అనుకూలం. రెండింటినీ ఒక సాధారణ వ్యక్తిగత కంప్యూటర్‌పై ఎట్లా కలపాలన్నదే ఇక్కడి చర్చనీయాంశం.

2. రెండు సాధనాల స్వభావం

ప్రోలాగ్ భాష 1972లో ఫ్రాన్సులోని మార్సెయ్ నగరంలో అలేన్ కోల్మెరోయెర్, ఫిలిప్ రూసెల్‌ల కృషితో రూపుదిద్దుకొన్నది. దాని సైద్ధాంతిక పునాదికి రాబర్ట్ కొవాల్‌స్కీ తోడ్పడ్డాడు. డేవిడ్ వారెన్ 1983లో ప్రతిపాదించిన అమూర్త యంత్రం ఆ భాషను వేగవంతం చేసింది. 1995లో ఐ.ఎస్.ఓ. 13211–1 ప్రమాణం వెలువడింది. ఈ భాషలో ప్రోగ్రామరు లెక్కించే క్రమానికి బదులు సంబంధాలను ప్రకటిస్తాడు. వాస్తవాలు, నియమాలు ఇచ్చి ప్రశ్న అడిగితే యంత్రం లక్ష్యం నుంచి వెనుకకు నడచి ఆధారాలను వెదకుతుంది. ఒక దారి మూసుకుపోతే వెనుదిరిగి మరొక దారి పట్టుతుంది.

హైపర్‌మీడియా అన్న పేరును 1965లో టెడ్ నెల్సన్ వాడుకలోకి తెచ్చాడు. వ్యక్తిగత కంప్యూటర్లపై దానికి విస్తృత ప్రచారం 1987లో ఆపిల్ సంస్థ విడుదల చేసిన హైపర్‌కార్డ్‌తో కలిగింది. విండోస్‌పై టూల్‌బుక్ 1990లో ఆ పాత్ర పోషించింది. ఆ తరువాత హెచ్.టి.ఎం.ఎల్. పుటలు ఆ స్థానమంతా ఆక్రమించాయి. వీటన్నింటి ఉమ్మడి లక్షణం ఒకటే: ఎటు వెళ్ళాలో చదువరి నిర్ణయించుకొంటాడు.

సమస్యకు మూలం ఇక్కడే ఉంది. తర్క యంత్రం తాను నిర్ణయించిన క్రమంలో ప్రశ్నలు అడుగుతుంది. హైపర్‌మీడియా చదువరి తనకు నచ్చిన క్రమంలో తిరుగుతాడు. తర్క యంత్రం వెనుదిరగడం వేరు, చదువరి వెనుక పుటకు మరలడం వేరు. ఈ రెండు నడకలను పొత్తు కుదర్చని సాధనం తొలి ప్రదర్శనలో చక్కగా పనిచేసినా క్షేత్రంలో తడబడుతుంది.

తెలుగు నేలపై ఇందుకు దగ్గరి అనుభవం ఈ-సాగు. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ ఆధ్వర్యంలో 2004లో వరంగల్ ప్రాంతపు పత్తి రైతులతో ప్రారంభమైన ఆ వ్యవస్థలో, శిక్షణ పొందిన సమన్వయకర్త పొలాన్ని దర్శించి ఫొటోలు, వివరాలు పంపేవాడు. హైదరాబాద్‌లోని వ్యవసాయ నిపుణులు వాటిని పరిశీలించి ప్రతి పొలానికీ వేరుగా సలహా ఇచ్చేవారు. అందులో తర్కించినది మనిషి; యంత్రం సాక్ష్యాన్ని మోసింది. ఫొటోలో సందేహం కలిగితే మళ్ళీ అడగవలెనని నిపుణునికి తెలుసు. ఆ తర్కాన్ని నియమాలకు అప్పగించినప్పుడు ‘మళ్ళీ అడగవలసిన అవసరం’ కూడా నియమాలలోనే ఉండాలి.

3. ఉదాహరణ సమస్య: మూసీ నీటి సలహా

మూసీ కాలుష్య నివారణ పథకపు తొలి దశలో అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్లు, నాగోల్‌లో 172 మిలియన్ లీటర్లు, ఉప్పల్ నల్లచెరువు వద్ద 30 మిలియన్ లీటర్ల సామర్థ్యంతో మురుగునీటి శుద్ధి కేంద్రాలు నిర్మితమయ్యాయి. అందువల్ల ‘మూసీ నీరు’ అన్న ఒక్క మాట సలహాకు చాలదు. శుద్ధి అయిన నీరు కలిసే చోటికి ఎగువ మడి, దిగువ మడి, పక్క కాలువ మడి, బోరు మడి వేర్వేరు. నాచారం వంటి పారిశ్రామిక వాడలున్న పరీవాహకంలో లోహాల పరీక్ష అవసరమా అనే ప్రశ్న కూడా నియమాలలో చోటు చేసుకోవాలి.

ఉదాహరణకు అవసరమైన గడపలు ప్రచురిత ప్రమాణాల నుంచి లభిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989 మార్గదర్శకాల ప్రకారం పచ్చిగా తినే పంటలకు వాడే వ్యర్థజలంలో 100 మిల్లీలీటర్లకు మల కోలిఫాం 1000కి, లీటరుకు నులిపురుగు గుడ్డు 1కి మించరాదు. పశుగ్రాసం వంటి పంటలకు కోలిఫాం పరిమితి విధించకపోయినా గుడ్ల పరిమితి ఉంది. 2006 మార్గదర్శకాలు ఒకే సంఖ్యపై ఆధారపడక, శుద్ధి, నీరు పెట్టే పద్ధతి, కోతకు ముందు విరామం, కడగడం, వండడం వంటి అనేక అడ్డుకట్టల మొత్తం ఫలితాన్ని లెక్కించాయి. హైదరాబాద్‌లో మూసీ నీటితో సాగు చేసే కుటుంబాలపై జరిగిన అధ్యయనాలు పేగు పురుగుల ముప్పును గుర్తించాయి కనుక గుడ్ల పరీక్ష కేవలం వినియోగదారుని కోసం కాదు; మడిలో దిగి పనిచేసే వారి కోసం కూడా.

లవణతకు ఆహార, వ్యవసాయ సంస్థ ప్రమాణాలు ఉన్నాయి. నీటి విద్యుత్ వాహకత మీటరుకు 0.7 డెసీసీమెన్ లోపు ఉంటే ఆంక్ష అక్కరలేదు, 0.7 నుంచి 3.0 వరకు స్వల్ప–మధ్యమ ఆంక్ష, 3.0 దాటితే తీవ్ర ఆంక్ష. పంటల ఓర్పు గడపలు మాత్రం నేల సంతృప్త సారంపై చెప్పబడ్డాయి: ముల్లంగి, ఉల్లి 1.2, పాలకూర 2.0, టమాటా 2.5, వరి 3.0. ఒక కొలత నీటిది, మరొకటి నేలది. సాధారణ పారుదలలో నేల సారం వాహకత నీటి వాహకతకు సుమారు 1.5 రెట్లు అన్న అంచనాతో పాలకూరకు నీటి గడప 1.3గా వస్తుంది. రెండు కొలతలకూ ఒకే పేరు పెట్టిన నియమావళి, నీటి వాహకత 1.8 ఉన్న మడికి పాలకూర నిరభ్యంతరమని చెబుతుంది. కాడ్మియానికి సాగునీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాము, నికెల్‌కు 0.2, క్రోమియానికి 0.1 గరిష్ఠ సిఫారసులు.

4. ఎంపిక ప్రమాణాలు

*4.1 తెలియనిది పట్ల ప్రవర్తన*

ప్రోలాగ్‌లో ‘కాదు’ అంటే ‘నిరూపించలేకపోయాను’ అని అర్థం. దీనిని వైఫల్య నిషేధం అంటారు. 1978లో కీత్ క్లార్క్ దీనికి సైద్ధాంతిక వివరణ ఇచ్చాడు. ఈ క్రింది నియమాలను పరిశీలించవచ్చు.

తగినది(_మడి) :-
    పంట(_మడి, _పైరు),
    పచ్చిగా_తినేది(_పైరు),
    \+ కలుషిత_నీరు(_మడి).

కలుషిత_నీరు(_మడి) :-
    కోలిఫాం(_మడి, _సంఖ్య),
    _సంఖ్య > 1000.

చదవడానికి ఇవి నిర్దోషంగా కనిపిస్తాయి: పచ్చిగా తినే పైరు ఉండి, నీరు కలుషితం కాకపోతే తగినది. కానీ నీటి పరీక్ష చేయించని మడికి కోలిఫాం వాస్తవమే ఉండదు. అప్పుడు ‘కలుషిత నీరు’ నిరూపణ కాదు. నిరూపణ కాలేదు కనుక మడి ‘తగినది’ అవుతుంది. పరీక్ష చేయించిన రైతుకు హెచ్చరిక, చేయించని రైతుకు అనుమతి లభిస్తాయి. ప్రయోగశాలలో ఈ దోషం బయటపడకపోవచ్చు. ఏ మడికీ కోలిఫాం విలువ నమోదు కాకపోతే, ఆ సంబంధం నిర్వచితం కాలేదని ప్రమాణ ప్రోలాగ్ దోష సందేశం ఇస్తుంది. ఒక్క మడి విలువ నమోదైన క్షణం నుంచి మిగిలిన మడులన్నింటికీ ఆ సందేశం ఆగిపోయి మౌనంగా ‘తగినది’ అన్న సమాధానమే వస్తుంది.

భారతీయ తర్క సంప్రదాయంలో ఈ సమస్య ఎరిగినదే. భాట్ట మీమాంసకులు అనుపలబ్ధిని, అనగా కనబడకపోవడాన్ని, అభావానికి ప్రమాణంగా అంగీకరించారు. కానీ దానికి యోగ్యత అనే షరతు పెట్టారు. వెలుతురులో నేలపై కుండ కనబడకపోతే కుండ లేదనవచ్చు. చీకటిలో కనబడకపోతే అనరాదు. ఉంటే కనబడి తీరవలసిన వస్తువు విషయంలోనే కనబడకపోవడం సాక్ష్యమవుతుంది. నీటి పరీక్ష జరిగిన మడి వెలుతురులోని నేల. జరగని మడి చీకటి గది. నియమాలు ఈ భేదాన్ని పాటించాలంటే ఇట్లా రాయవలసి ఉంటుంది.

పచ్చికూర_మడి(_మడి) :-
    పంట(_మడి, _పైరు),
    పచ్చిగా_తినేది(_పైరు).

సలహా(_మడి, పరీక్ష_అవసరం) :-
    పచ్చికూర_మడి(_మడి),
    \+ కోలిఫాం(_మడి, _).

సలహా(_మడి, వద్దు) :-
    పచ్చికూర_మడి(_మడి),
    కోలిఫాం(_మడి, _సంఖ్య),
    _సంఖ్య > 1000.

సలహా(_మడి, గుడ్ల_పరీక్ష_చూడాలి) :-
    పచ్చికూర_మడి(_మడి),
    కోలిఫాం(_మడి, _సంఖ్య),
    _సంఖ్య =< 1000.

ఇక్కడ నిషేధం నీటి గుణం గురించి కాక, కొలత ఉన్నదా లేదా అన్న దాని గురించి మాత్రమే వాడబడింది. నమోదు పుస్తకంలో కొలత లేకపోతే లేదనడం యోగ్యమే. జర్మనీలోని పోట్స్‌డామ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన క్లింగో వంటి ఆన్సర్ సెట్ సాధనాలలో ‘నిశ్చయంగా కాదు’, ‘ఆధారం లేదు’ అనే రెండు నిషేధాలకు వేర్వేరు గుర్తులు ఉంటాయి. ప్రోలాగ్‌లో ఆ భేదాన్ని నియమకర్త క్రమశిక్షణతో పాటించాలి. ఎంపిక సమయంలో అడగవలసిన తొలి ప్రశ్న ఇదే: తెలుసు, కాదు, తెలియదు అనే మూడు స్థితులను ఈ సాధనంలో విడివిడిగా ఉంచగలమా?

*4.2 వివరణ*

1970 దశకంలో స్టాన్‌ఫర్డ్‌లో రూపొందిన మైసిన్ వైద్య వ్యవస్థ ‘ఎందుకు అడుగుతున్నావు’, ‘ఎట్లా నిర్ణయించావు’ అనే ప్రశ్నలకు సమాధానం ఇచ్చేది. ప్రోలాగ్‌లో నియమాలు కూడా దత్తాంశమే కనుక, నియమాలను చదివి నిరూపణ వృక్షాన్ని భద్రపరచే చిన్న అధియంత్రాన్ని కొద్ది పంక్తులలో రాయవచ్చు. హైపర్‌మీడియాతో జత కలిసినప్పుడు దీని విలువ మరింత పెరుగుతుంది. నిరూపణ వృక్షంలోని ప్రతి కొమ్మా ఒక పుటకు లంకె కాగలదు: ‘కోలిఫాం 1000కి మించింది’ అన్న మాటపై నొక్కితే నమూనా సేకరించే విధానం, ‘పచ్చిగా తినేది’ అన్న మాటపై నొక్కితే ఆ పంటల జాబితా తెరుచుకొంటాయి. విస్తరణ అధికారి ఆ సలహాను నమ్మడానికి గానీ తిరస్కరించడానికి గానీ కారణం అతని ఎదుటే ఉంటుంది. నియమాలను అమలు సమయంలో చదవనివ్వని సాధనం ఎంత వేగవంతమైనా ఈ ప్రయోజనాన్ని కోల్పోతుంది.

*4.3 అతుకు*

రెండు భాగాలను కలిపే పద్ధతులు ప్రధానంగా నాలుగు. మొదటిది, హైపర్‌మీడియా నుంచి తర్క యంత్రాన్ని ఉపప్రోగ్రాముగా పిలవడం. హైపర్‌కార్డ్‌లో బాహ్య ఆజ్ఞలు, టూల్‌బుక్‌లో డి.ఎల్.ఎల్. ఫైళ్ళు ఇందుకు వాడేవారు. రెండవది, రెండు ప్రోగ్రాములు విడిగా నడుస్తూ సందేశాలు మార్చుకొనడం, విండోస్‌లో డి.డి.ఇ. అట్టిది. మూడవది, తర్క యంత్రం అదే కంప్యూటర్‌పై చిన్న వెబ్ సర్వరుగా నడవడం. దీనికి ఇంటర్నెట్ అక్కరలేదు. నాలుగవది, తర్క యంత్రమే బ్రౌజరు లోపల నడవడం.

ఏ పద్ధతిలోనైనా పరీక్షించవలసిన అంశం ఒకటి ఉంది. అమలు సమయంలో చేర్చిన వాస్తవాలు ప్రోలాగ్ వెనుదిరిగినా చెరిగిపోవు. రైతు మొదట ‘కొత్తిమీర’ అని చెప్పి, వెనుక పుటకు మరలి ‘పారాగడ్డి’ అని మార్చితే, పాత వాస్తవాన్ని ప్రత్యేకంగా తొలగించని వ్యవస్థలో ఒకే మడికి రెండు పంటలు మిగిలిపోతాయి. గడ్డి రైతుకు కొత్తిమీర సలహా వెలువడుతుంది. దీనికి నమ్మకమైన పరిష్కారం, సంప్రదింపు స్థితిని తర్క యంత్రంలో దాచకుండా, పుటలో ఉన్న సమాధానాలన్నింటినీ ప్రతిసారీ కలిపి పంపడం. ప్రతి ప్రశ్నా కొత్త ప్రశ్నే అవుతుంది; చదువరి ఎటు తిరిగినా ఫలితం చెడదు. ఈ అమరికకు మూడవ, నాలుగవ పద్ధతులు సహజంగా అనుకూలిస్తాయి.

అతుకు వద్దనే ప్రమాణాల భేదం కూడా దూరుతుంది. కొన్ని ప్రయోగశాలలు వాహకతను సెంటీమీటరుకు మైక్రోసీమెన్‌లలో ఇస్తాయి. అట్టి 1300, డెసీసీమెన్‌లలో 1.3కు సమానం. ప్రమాణాన్ని పుటలోనే ఎంచుకోనిచ్చి, సంఖ్యతో పాటు దానిని కూడా నియమాలకు పంపాలి.

*4.4 తెలుగు లిపి నిర్వహణ*

ప్రోలాగ్‌లో పెద్ద అక్షరంతో గానీ అండర్‌స్కోర్‌తో గానీ మొదలయ్యే పేరు చరరాశి. తెలుగులో పెద్ద, చిన్న అక్షరాల భేదం లేదు కనుక తెలుగు చరరాశులన్నీ అండర్‌స్కోర్‌తో మొదలు కావాలి. అందువల్ల ఒక రక్షణ తొలగుతుంది. ఒక్కసారే కనిపించిన చరరాశిని అక్షరదోషంగా అనుమానించి ప్రోలాగ్ హెచ్చరిస్తుంది. అండర్‌స్కోర్ పేర్లకు సాధారణంగా ఆ హెచ్చరిక ఉండదు. ఒకచోట ‘_పైరు’, మరొకచోట ‘_పయిరు’ అని రాస్తే రెండూ వేర్వేరు చరరాశులై, మడిలో ఏ పంట ఉన్నా షరతు నెరవేరినట్లే అవుతుంది.

రెండవ చిక్కు కంటికి కనబడనిది. కొన్ని కీబోర్డులు పదాంత పొల్లు తరువాత ఒక అదృశ్య విభాజకాన్ని చేర్చుతాయి. అది ఉన్న ‘ఉప్పల్’, లేని ‘ఉప్పల్’ తెరపై ఒకే విధంగా కనిపిస్తాయి. యంత్రానికి మాత్రం వేర్వేరు పదాలు. ఐత్వ గుర్తును కూడా యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల కలయికగానూ రాయవచ్చు. పోలిక విఫలమైతే ‘లేదు’ అన్న సమాధానం వస్తుంది, 4.1లో చూసిన దోషం మరొక ద్వారం గుండా ప్రవేశిస్తుంది. కాబట్టి నియమాలలో పోల్చే పేర్లను రైతు గానీ అధికారి గానీ టైపు చేయరాదు. పుటలోని జాబితా నుంచి ఎంచుకోవాలి. లోపలి పోలికకు స్థిరమైన సంకేతాలు, తెరపై ప్రదర్శనకు తెలుగు పేర్లు ఉండే పట్టికను వేరుగా నిర్వహించాలి. పాఠ్యం బయటి నుంచి వస్తే ఒకే యూనికోడ్ రూపానికి మార్చి అదృశ్య గుర్తులను తొలగించాలి.

*4.5 మన్నిక*

హైపర్‌కార్డ్ విక్రయం 2004లో నిలిచిపోయింది. దానిలో నిర్మించిన కార్డులు నేటి కంప్యూటర్లపై నేరుగా తెరుచుకోవు. అదే కాలపు ప్రమాణ ప్రోలాగ్ నియమాలు సాదా పాఠ్యంగా భద్రపరచినవైతే స్వల్ప మార్పులతో నేటికీ నడుస్తాయి. నియమాలను పుటల లోపల దాచిన వ్యవస్థ పుటలతో పాటే అంతరిస్తుంది. 1989 నుంచి 2006కు ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల తీరే మారింది. నియమాలు విడిగా ఉంటేనే అటువంటి మార్పును పుటలు ముట్టకుండా చేయడం సాధ్యం.

5. సాధనాల పరిశీలన

టర్బో ప్రోలాగ్‌ను 1986లో బోర్లాండ్ సంస్థ విడుదల చేసింది. డెన్మార్క్‌లోని ప్రోలాగ్ డెవలప్‌మెంట్ సెంటర్ దాని నిర్మాత; అదే తరువాత విజువల్ ప్రోలాగ్‌గా పరిణమించింది. చిన్న డాస్ యంత్రాలపై వేగంగా నడిచి అనేకమంది విద్యార్థులకు తర్క ప్రోగ్రామింగ్‌ను పరిచయం చేసిన ఘనత దానిది. ప్రతి సంబంధానికీ రకాలను ముందుగా ప్రకటించవలసి ఉండడం సంఖ్య స్థానంలో పదం పడకుండా కాపాడేది. అయితే అమలు సమయంలో వాస్తవాలను మాత్రమే చేర్చవచ్చు, నియమాలను చేర్చడం గానీ చదవడం గానీ వీలుకాదు కనుక సహజ వివరణ కష్టసాధ్యం. దాని నియమాలు ఇతర ప్రోలాగ్‌లలో నేరుగా నడవవు.

లండన్‌కు చెందిన లాజిక్ ప్రోగ్రామింగ్ అసోసియేట్స్ సంస్థ మాకింటోష్, విండోస్ యంత్రాలకు ప్రోలాగ్‌ను, దానిపై ఫ్లెక్స్ అనే నిపుణ వ్యవస్థ పనిముట్టును అందించింది. ఇతర విండోస్ ప్రోగ్రాములతో జత కలపడం దాని బలం. వాణిజ్య అనుమతి వ్యయం పరిమితి.

ఆమ్‌స్టర్‌డామ్‌లో యాన్ వీలెమేకర్ 1987లో ప్రారంభించిన ఎస్.డబ్ల్యు.ఐ. ప్రోలాగ్ ఉచితం, మూలం అందరికీ లభ్యం. వెబ్ సర్వరు, జేసన్ గ్రంథాలయాలు అందులోనే ఉన్నాయి, యూనికోడ్‌ను అంగీకరిస్తుంది, నియమాలను చదవనిస్తుంది, వెబ్‌అసెంబ్లీ రూపంలో బ్రౌజరులోనూ నడుస్తుంది. టౌ ప్రోలాగ్ జావాస్క్రిప్ట్‌లో నిర్మితమైనది. స్థాపన అక్కరలేకుండా పుటలోనే నడుస్తుంది. పెద్ద నియమావళికి వేగం చాలకపోవచ్చు గాని వంద నియమాల సలహా పుటకు సరిపోతుంది.

1985లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా జాన్సన్ కేంద్రంలో పుట్టిన క్లిప్స్, తర్క ప్రోగ్రామింగ్ కన్న ఉత్పాదన నియమాల వర్గానికి చెందినది. వాస్తవాల నుంచి ముందుకు నడుస్తుంది. నీటి విలువ మారిన వెంటనే హెచ్చరించే పర్యవేక్షణకు తగును. ఒక ప్రశ్నకు కారణాలతో సమాధానం వెదకే సలహాకు ప్రోలాగ్ సహజం.

పట్టిక 1. సలహా వ్యవస్థకు సాధనాల తులనాత్మక పరిశీలన

| సాధనం | మూడు స్థితులు | వివరణ | హైపర్‌మీడియాతో అతుకు | తెలుగు లిపి |
|---|---|---|---|---|
| టర్బో ప్రోలాగ్ | నియమకర్త పాటించాలి | కష్టం | పరిమితం | లేదు |
| ఎస్.డబ్ల్యు.ఐ. ప్రోలాగ్ | నియమకర్త పాటించాలి | సులభం | స్థానిక సర్వరు, బ్రౌజరు | ఉంది |
| టౌ ప్రోలాగ్ | నియమకర్త పాటించాలి | సాధ్యం | బ్రౌజరు లోపలే | పరీక్షించి వాడాలి |
| క్లింగో | భాషలోనే ఉంది | అదనపు పని | అదనపు పని | సంకేతాలు వాడడం మేలు |
| క్లిప్స్ | నియమకర్త పాటించాలి | అదనపు పని | అనుసంధాన ప్రోగ్రాము | పరీక్షించి వాడాలి |

ప్రస్తుత పరిస్థితులలో, హెచ్.టి.ఎం.ఎల్. పుటలతో జతగా స్థానిక సర్వరుపై నడిచే ఎస్.డబ్ల్యు.ఐ. ప్రోలాగ్ ఈ సమస్యకు తొలి ఎంపికగా తగినది. స్థాపనకు అనుమతి లేని కార్యాలయ యంత్రాలలో చిన్న నియమావళికి టౌ ప్రోలాగ్ ప్రత్యామ్నాయం. ఒక మడికి అనేక అడ్డుకట్టల కలయికలను పోల్చవలసివస్తే, అనగా 2006 మార్గదర్శకాల తీరులో, క్లింగో పరిశీలించదగినది.

6. ఎంపికలో అనుసరించదగిన క్రమం

1. సాధనం జోలికి పోకముందే పది నియమాలను సాదా తెలుగులో కాగితంపై రాయాలి. ప్రతి నియమం పక్కన కొలత పేరు, ప్రమాణం, అది నీటిదా నేలదా అన్నది నమోదు చేయాలి.

2. ప్రతి షరతుకూ ‘ఈ సంగతి తెలియకపోతే ఏమి చెప్పాలి’ అన్న సమాధానాన్ని పక్కనే రాయాలి. ఈ గడి నిండని నియమాన్ని కంప్యూటర్‌కు ఎక్కించరాదు.

3. సమాధానం ముందే తెలిసిన సందర్భాలను సిద్ధం చేయాలి. వాటిలో కనీసం మూడింట ఒక వంతు అసంపూర్ణ సమాచారం గల మడులు కావాలి: పరీక్ష లేనివి, ఒక పరీక్షే ఉన్నవి, నీటి మూలం తెలియనివి.

4. అవే నియమాలను రెండు సాధనాలలో నడిపి, వెనుక పుటకు మరలి సమాధానం మార్చినప్పుడు ఫలితం సరిగా మారుతున్నదా చూడాలి.

5. రైతు వేదికలో గానీ కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ ఉన్న అతి పాత కంప్యూటర్‌పై, ఇంటర్నెట్ తొలగించి పరీక్షించాలి.

6. ప్రోగ్రామరు కాని వ్యవసాయ శాస్త్రవేత్త ఒక గడప విలువను స్వయంగా మార్చి, ఫలితాన్ని సరిచూడగలుగుతున్నాడా పరిశీలించాలి. అది సాధ్యం కాని వ్యవస్థ, నిర్మాత బదిలీ అయిన నాటి నుంచి పాతబడడం మొదలవుతుంది.

7. ముగింపు

తర్క ప్రోగ్రామింగ్, హైపర్‌మీడియా రెండూ ఒకదాని లోటును మరొకటి పూరించగలవు. తర్కం లేని పుటలు సమాచారాన్ని చూపుతాయి గాని నిర్ణయానికి తోడ్పడవు. పుటలు లేని తర్కం నిర్ణయిస్తుంది గాని నమ్మించలేదు. ఈ జతలో సాధనపు పేరు కన్న అది తెలియనిదాన్ని ఎట్లా నిర్వహిస్తున్నది అన్నదే ముఖ్యం. ఉప్పల్ వద్ద మూసీ ఒడ్డున కొత్తిమీర మడి రైతుకు ‘వద్దు’ అన్న సలహా నష్టం కలిగించవచ్చు; ఆధారం లేని ‘తగినది’ అన్న సలహా ఆ మడి నుంచి నగరంలోని వంటింటి దాకా హాని చేరవేయవచ్చు. ‘పరీక్ష అవసరం’ అన్న మూడవ సమాధానం ఇవ్వగలిగి, ఏ పరీక్ష, ఎక్కడి నీరు, ఎట్లా సేకరించాలి అన్న పుటను అప్పుడే తెరిచి చూపగలిగిన వ్యవస్థ ఈ రెండు నష్టాలనూ తగ్గిస్తుంది. విద్యార్థులు తమ తొలి నియమావళిని పరీక్షించేటప్పుడు నిండుగా వివరాలున్న మడితో కాక, ఏ పరీక్షా జరగని మడితో ప్రారంభించడం అభిలషణీయం.